ప్రార్థనలో ఒక్క మాట

ఇంద్రుని సంహరించగల పుత్రుని కోరి త్వష్ట హోమం చేశాడు. మంత్రంలో ఒక్క స్వరం తప్పినందువల్ల ఫలం తలకిందులై, పుట్టిన వృత్రుడే ఇంద్రుని చేతిలో హతుడయ్యాడు. వేదాధ్యయనం ఆరంభించే బాలురకు గురువులు చెప్పే గాథ ఇది. స్వరం తప్పితేనే ఇంతటి అనర్థం కలిగితే, ఆరాధనలో పలికే మాటలోనే నింద చేరి తరతరాలుగా నిలిచిపోతే ఏమవుతుంది? దానిని సరిదిద్దిన ఒక క్రైస్తవ మతాచార్యుని చరిత్ర తెలుసుకోదగినది. ఆయన పోప్ ఇరవై మూడవ జాన్.

ఇటలీ ఉత్తర భాగాన, బెర్గామో నగర సమీపంలోని ఒక కుగ్రామంలో 1881 నవంబరు 25న ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పరుల పొలాన్ని పాలికి సాగుచేసుకునే పేద రైతులు. పదముగ్గురు సంతానంలో ఆయన నాలుగవవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏంజెలో జుసెప్పె రొంకల్లి. 1904లో రోములో గురుపట్టం పొందారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో క్షతగాత్రులైన సైనికులకు సేవ చేశారు. 1925 నుంచి బల్గేరియాలోనూ, 1935 నుంచి టర్కీ, గ్రీసు దేశాలలోనూ పోప్ ప్రతినిధిగా పనిచేశారు.

ఆ రోజులలో ఐరోపాలోని యూదులకు ప్రాణసంకటం ఏర్పడింది. యేసు యూదుడే. తల్లి మరియ, తొలి శిష్యులు కూడా యూదులే. మరణశిక్ష విధించినది రోమన్ అధికారి. అయినప్పటికీ ఆ పాపం యూదజాతి మొత్తానిదనీ, వారి సంతతి కూడా దోషులేననీ క్రైస్తవ లోకంలో శతాబ్దాల తరబడి బోధ సాగింది. ఆ బోధ తలకెక్కిన మూకలు 1096లో మొదటి క్రూసేడుకు బయలుదేరి, దారిలో రైన్ నదీతీరాన ఉన్న వర్మ్స్, మైన్జ్ నగరాలలో యూదులను ఊచకోత కోశాయి. హిట్లర్ ద్వేషం మతం పేరిట కాక జాతి పేరిట సాగినది. కానీ ఆ విషబీజానికి నేలను దున్ని ఉంచినది ఆ పాత బోధయే. సుమారు 60 లక్షల మంది యూదులు హతులయ్యారు.

ఇస్తాంబుల్‌లో ఉన్న రొంకల్లి తమను ఆశ్రయించిన శరణార్థులకు ప్రయాణ పత్రాలు అందడానికి తోడ్పడ్డారు. యూదుల తరఫున బల్గేరియా రాజు బోరిస్‌కు లేఖ రాశారు. ఆ కన్నీళ్లను ఆయన మరువలేదు.

1958 అక్టోబరు 28న, 76 ఏళ్ల వయస్సులో, పోప్‌గా ఎన్నికయ్యారు. వృద్ధుడు గనుక పెద్ద మార్పులేవీ తలపెట్టరని అనేకులు భావించారు. మరుసటి ఏడాది గుడ్ ఫ్రైడే నాడే ఆ అంచనా తప్పింది. ఆనాటి లాటిన్ ప్రార్థనలో యూదుల కోసం దైవాన్ని వేడుకుంటూనే వారిని పెర్ఫిదిస్ అనే మాటతో పేర్కొనేవారు. మొదట దానికి విశ్వాసం లేనివారని అర్థం. కాలక్రమాన జనం చెవికి అది ద్రోహులనే నిందగా వినిపించసాగింది. ఆ మాటను తొలగించమని ఆయన ఆదేశించారు.

1960 జూన్‌లో జూల్ ఐజాక్ అనే ఫ్రెంచి యూదు చరిత్రకారుడు ఆయనను దర్శించారు. నాజీల చేతిలో భార్యను, కుమార్తెను కోల్పోయిన వృద్ధుడాయన. మత బోధనలోని తిరస్కారమే ద్వేషానికి మూలమని నిరూపించడానికి జీవితశేషాన్ని ధారపోశారు. పోప్ శ్రద్ధగా విని, ఈ విషయమై ఒక ప్రకటన సిద్ధం చేయవలసిందిగా కార్డినల్ బేయాను నియోగించారు.

1963 గుడ్ ఫ్రైడే ఆరాధనలో పాఠకుడు పాత అలవాటు కొద్దీ ఆ మాటను పలికాడు. పోప్ ఆరాధనను అక్కడే ఆపించి, ఆ మాట లేకుండా తిరిగి చదివించారు. అప్పటికే ఆయన శరీరాన్ని క్యాన్సర్ తినివేస్తున్నది. ఆ జూన్ 3న పరమపదించారు.

ఆయన 1962లో ఆరంభించిన మహాసభ 1965 అక్టోబరు 28న నోస్ట్రా ఎతాతే అనే ప్రకటనను వెలువరించింది. అనుకూలంగా 2,221 మంది, ప్రతికూలంగా 88 మంది ఓటు వేశారు. యేసు మరణదోషాన్ని నాటి యూదులందరికీ గాని, నేటి యూదులకు గాని అంటగట్టరాదని అది స్పష్టం చేసింది. యూదద్వేషాన్ని ఖండించింది. హిందూ ధర్మంలోని తత్త్వచింతనను, ధ్యానాన్ని, భక్తిని కూడా గౌరవంతో పేర్కొన్నది. ఒక ప్రకటనతో ద్వేషం సమసిపోలేదు. కానీ దానికి మతం పేరిట ఆసరా లేకుండా పోయింది.

ఆయన తమ మతాన్ని విడిచినవారు కారు, దానిలో నిష్ఠతో జీవించినవారు. పరులను నిందించే మాట తొలగినంత మాత్రాన భక్తి తరగలేదు. తన దైవాన్ని ప్రేమించాలంటే ఇతరులను ద్వేషించాలనే మౌఢ్యమే అన్ని మతాలలోని ఉన్మాదానికీ మూలం. పూజాపీఠం ముందు కూర్చున్న మన నోట వెలువడే ప్రతి మాటనూ పక్కనున్న పసిబిడ్డ వింటున్నాడు. ఆ ఎరుకతో పలకడం కూడా వాక్శుద్ధియే.