ఆల్టియేరో స్పినెల్లి
1907లో రోమునగరమున జన్మించిన స్పినెల్లి ముసోలినీ ప్రభుత్వము నెదిరించి, 1927 మొదలు పదునారేండ్లు చెరసాలలోను ద్వీపనిర్బంధమునను గడపెను. ఐరోపా సమాఖ్యను కోరు ప్రకటనను 1941లో వెంటొటేనె ద్వీపమున ఎర్నెస్టో రోస్సీతో కలిసి రచించెను. ప్రజలు నేరుగా ఎన్నుకొన్న తొలి ఐరోపా పార్లమెంటున 1979లో సభ్యుడయ్యెను. ఆయవ్యయములపై కొంత అధికారమున్నను, శాసనముల విషయమున ఆ సభ పని అభిప్రాయము చెప్పుటయే. నిర్ణయము సభ్యరాజ్యముల మంత్రులది. అధికారమును ప్రభుత్వముల నడుగుట మాని, సభచేతనే నూతన సంధిముసాయిదాను వ్రాయించుట స్పినెల్లి యుక్తి. స్ట్రాస్‌బర్గులో మొసలిపేరు గల భోజనశాలయందు 1980లో కొలదిమందితో మొదలైన యత్నమది. 1984 ఫిబ్రవరి 14న ముసాయిదా 237 వోట్లతో నెగ్గెను. ఎదిరించినవారు 31 మందియే. ప్రభుత్వములు దానిని ప్రక్కన బెట్టినవి. 1986 నాటి సంధిలో శాసననిర్మాణమున సభకు దక్కినది కొన్ని అంశములపై రెండవ పరిశీలనహక్కు మాత్రమే. ఆ కొఱతతోనే మే 23న అతడు మరణించెను. సభ నిరాకరించిన శాసనము పలువిషయములందు చెల్లకుండుట 1993లో, మాస్ట్రిక్ట్ సంధి అమలైన పిమ్మటనే.