మొక్కలకు కొండంత పటం గీసిన హంబోల్ట్

డార్విన్ పేరు మనందరికీ తెలుసు. ఆ డార్విన్‌కే దేశాలు తిరగాలన్న కోరిక పుట్టించిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ సంగతి మాత్రం నాకు ఈ కాలేజీకి వచ్చాకే తెలిసింది.

ఆయన 1769లో బెర్లిన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. గనుల శాఖలో ఉద్యోగం. 1796లో తల్లి పోయాక ఆస్తి చేతికి రాగానే ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టాడు. 1799లో బాన్‌ప్లాండ్ అనే మిత్రుడితో దక్షిణ అమెరికాకు ఓడెక్కాడు. 1800లో వెనెజులాలోని వలెన్సియా సరస్సు తగ్గిపోతూ ఉంటే, చుట్టూ అడవులు నరకడమూ, సాగుకోసం ఏరులు మళ్లించడమూ కారణాలని తేల్చాడు. రైతుబిడ్డనైన నాకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది.

1802 జూన్ 23న ఈక్వడార్‌లోని చింబొరాజో కొండ ఎక్కాడు. దాని ఎత్తు 6,263 మీటర్లు. పెద్ద పగులు అడ్డం రావడంతో శిఖరం చేరకుండానే దిగివచ్చాడు. అయితేనేం, ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో, అక్కడ చలి ఎంతో, గాలి ఒత్తిడి ఎంతో అన్నీ ఒకే పటంలో పెట్టి 1807లో అచ్చువేయించాడు. ఒక్కో మొక్కను విడిగా చూస్తే తెలియని సంగతి కొండనంతా కలిపి చూస్తే తెలిసింది. మొక్క ఎక్కడ బతకాలో చెప్పేది ముఖ్యంగా వాతావరణమే. అలాంటప్పుడు వేడి పెరిగితే మొక్కలు పైకి జరగాలి కదా!

2012లో పరిశోధకులు మళ్లీ ఆ కొండెక్కి చూశారు. మొక్కలు 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో ప్రకటించారు. కానీ 2019లో మరికొందరు పాత కాగితాలు తిరగేస్తే, పటంలోని పైఎత్తు మొక్కల్లో ఎక్కువ భాగం చింబొరాజోవి కావు, అంటిసానా అనే మరో కొండవని బయటపడింది. లెక్క సరిచేస్తే జరిగింది సుమారు 215 నుంచి 266 మీటర్లే. జరగడం నిజమే, కొలతే మారింది.

మా నాయన పంచాంగం అంచుల్లో వానలు రాసిపెడతాడు. ఏ చేలో పడిందో మాత్రం రాయడు. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు చెప్పాను: నాయనా, చేను పేరు కూడా రాయి అని. నవ్వాడు గానీ, రాస్తున్నాడు.

హంబోల్ట్ మన హిమాలయాలు కూడా చూడాలని ఆశపడ్డాడు. ఈస్టిండియా కంపెనీ ఒప్పుకోలేదు. ఉన్న ఆస్తంతా ప్రయాణాలకూ పుస్తకాలకూ ధారపోసి 1859లో కన్నుమూశాడు. మిత్రులారా, రేపు ఏ జీవి ఎటు పోతుందో చెప్పాలంటే, ఈ రోజు అది ఎక్కడుందో ఎవరో ఒకరు సరిగ్గా రాసిపెట్టాలి. ఆ పని మన ఊరి గట్టు మీద నుంచి కూడా మొదలుపెట్టొచ్చు.