క్షిపణుల పనికి రిపోర్టు ఇవ్వనన్న వీనర్



ఈసారి నేను నార్బర్ట్ వీనర్ గారి గురించి రాస్తున్నాను. ఆయన 1894లో అమెరికాలో పుట్టారు. 18 ఏళ్లకే హార్వర్డ్‌లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తర్వాత ఎం.ఐ.టి.లో లెక్కలు బోధించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో, శత్రు విమానం ఎటు పోతుందో ముందే లెక్కగట్టి ఫిరంగి గురిపెట్టే పద్ధతి కనిపెట్టాలని ఆయన చాలా కష్టపడ్డారు. 1945లో జపాన్ మీద అణుబాంబులు వేశారు. లక్షమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత క్షిపణుల పని కోసం ఒకరు ఆయన పాత రిపోర్టు అడిగితే, ఇవ్వనని చెప్పేశారు. ఆ మాట 1947లో పత్రికలో కూడా వేయించారు. అలా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

యంత్రాలు వస్తే కూలీల పని పోతుందని 1949లో మోటారు కార్మికుల నాయకుడు వాల్టర్ రూథర్‌కు ఉత్తరం రాసి ముందే హెచ్చరించారు. 1964లో స్టాక్‌హోంలో కన్నుమూశారు.

నాకు ఆయనలో నచ్చింది ఇదే. కంప్యూటర్ మనం చెప్పింది చేస్తుంది. అది మంచా చెడా అని అడగదు. అడగాల్సింది మనమే. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, ఈ పనితో ఎవరికైనా నష్టమా అని ఒక్క నిమిషం ఆలోచిద్దాం.

– 9వ తరగతి విద్యార్థి