రెండు వేలకే కారు చేసిన నాయుడుగారు

మన రైతులకు కోయంబత్తూరు పేరు కొత్త కాదు. అక్కడ తయారైన మోటార్లు, పంపులు మన బావుల మీద ఎన్నో నడిచాయి. ఆ ఊరికి ఈ పేరు తెచ్చినవారిలో జి.డి. నాయుడు ముఖ్యులు. కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మూలాలున్న రైతు కుటుంబంలో 1893 మార్చి 23న జన్మించారు.

చిన్నతనంలో ఆయనకు చదువు ఒంటబట్టలేదు. బడి మానేసి పొలం పనుల్లో పడ్డారు. ఒకనాడు ఓ ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద అటుగా వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది. కుర్రవాడి మనసు దానిమీదే నిలిచిపోయింది. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారని చెబుతారు. కొన్నాక దాన్ని విప్పి, ఏ భాగం ఏ పని చేస్తుందో చూసి, మళ్లీ బిగించారు. ఆయన ఇంజనీరింగు చదువు అదే.

తరువాత పత్తి వ్యాపారం చేసి చేతులు కాల్చుకున్నారు. 1920లో స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో ఒక బస్సు కొని పొల్లాచ్చి - పళని మధ్య నడిపారు. డ్రైవరు కూడా తానే. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీసులో 280 బస్సులు ఉండేవి.

అప్పటికి పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు ప్రాంతానికి చేరింది. కరెంటు వచ్చింది గాని మోటార్లు విదేశాల నుంచి రావలసిందే. 1937లో నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులో మోటారు తయారు చేశారు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు అదేనంటారు.

ఆయన దృష్టి ఎప్పుడూ ఇంట్లో వాడే వస్తువుల మీద ఉండేది. బ్యాటరీతో గడ్డం గీసే చిన్న యంత్రం, పల్చని బ్లేడు, పళ్ల రసం తీసే యంత్రం, మోసానికి వీల్లేని ఓటు యంత్రం తయారు చేశారు. కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను కూడా ఉంది. కరెంటు లేని పల్లెను తలచుకున్నవాడికే అలాంటిది తడుతుంది. 1941లో అయిదు వాల్వుల రేడియో 70 రూపాయలకు ఇవ్వగలనన్నారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ధర రెండు వేలు. అయితే తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. మధ్యతరగతి ఇంటి ముందు కారు నిలబడాలంటే ఆ తరువాత ఎన్నేళ్లు పట్టిందో పెద్దవాళ్లకు తెలుసు.

చదువు విషయంలోనూ ప్రభుత్వంతో పేచీ వచ్చింది. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల స్థాపించి, దానికి తానే తొలి ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఇంజనీరింగుకు నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఈ విషయంలో ఆయనదే పూర్తిగా సరి అనలేం. పుస్తకం లేకుండా యంత్రం నేర్చుకోవడం అందరికీ సాధ్యమా? కళాశాల మాత్రం ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ఇప్పటికీ నడుస్తోంది.

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేర ప్రదర్శనశాల ఉంది. మోటారు పని మీద ఆ ఊరు వెళ్లే మనవాళ్లు ఓ పూట వీలు చేసుకుంటే చూసి రావచ్చు.