చార్లెస్ పియర్సన్

సుమారు నూటడెబ్బది యేండ్ల క్రిందట లండను నగరమున వీధి దాటుట యొక సాహసముగా నుండెను. వీధులు ఇరుకైనవి, పాతకాలమునాటివి. వానిలో సరకుల బండ్లు, గుఱ్ఱములు లాగు బస్సులు, సంపన్నుల రథములు ఒకదానినొకటి యడ్డగించి గంటలకొలది నిలిచిపోవుచుండెను. దూరపుటూళ్లనుండి రైలు వచ్చెడిదే కాని, అది ఊరి యంచుననే ఆగిపోయెడిది. నగరమధ్యమునకు రైలుమార్గములు రాగూడదని 1846లో ప్రభుత్వము నియమించిన సంఘము తీర్మానించియుండెను.

ఈ చిక్కునకు ఉపాయము వెదకినవాడు చార్లెస్ పియర్సన్. ఆయన యంత్రశాస్త్రజ్ఞుడు కాడు, న్యాయవాది. 1793లో లండనులోనే ఒక పరుపుల వర్తకునకు జన్మించెను. 1839లో నగరపాలక సంస్థకు న్యాయవాదిగా నియుక్తుడై మరణపర్యంతము ఆ పదవియందే యుండెను. అన్యాయము కంటబడినచో ఊరకుండుట ఆయనకు చేతకాదు. 1666లో లండనును దహించిన అగ్నిప్రమాదమునకు కాథలిక్కులే కారకులని నగరమందలి స్మారకస్తంభముపై చెక్కబడిన నిందను తొలగింపవలెనని పోరాడి సాధించెను.

వీధులలోని రద్దీని అందఱును చూచుచునేయుండిరి. పియర్సన్ దాని వెనుకనున్న పేదవానిని చూచెను. బస్సు రుసుము కూలివానికి అందుబాటులో లేదు. కావున అతడు పనిచేయు చోటికి నడచిపోగల దూరముననే, గాలి వెలుతురు లేని ఇరుకు గదులలో, భార్యాబిడ్డలతో కాపురముండవలసి వచ్చెను. చౌకగా రైలు నడచినచో అతడు ఊరివెలుపల చెట్టుచేమల నడుమ నివసించి, ఉదయము పనికి వచ్చి సాయంకాలము ఇల్లు చేరవచ్చును గదా! పియర్సన్ ఊహతో తృప్తిపడలేదు. నగరములోనికి వచ్చు ముఖ్యమార్గములన్నిటను మనుష్యులను నిలిపి, ఉదయము మొదలు రాత్రివఱకు ఎవరెవరు ఏ విధముగా వచ్చుచున్నారో లెక్కింపజేసి, 1854లో ఆ లెక్కలను పార్లమెంటు సంఘము ముందుంచెను. కాలినడకను వచ్చువారే అందఱికంటె ఎక్కువగా నుండిరి.

భూమిక్రిందుగా రైలు నడపవలెనని ఆయన 1845లోనే సూచించియుండెను. పలువురు నవ్విరి. 1854లో చట్టము అనుమతించినను ధనము సమకూడలేదు. పియర్సన్ పట్టువిడువక నగరపాలక సంస్థను ఒప్పించి, రెండు లక్షల పౌనుల వాటాలు కొనిపించెను. 1860లో పని యారంభమయ్యెను. వీధిని త్రవ్వి, ఇరువైపుల ఇటుకగోడలు లేపి, పైన కమాను కట్టి, మఱల వీధిని పఱచుట వారి పద్ధతి. 1862 జూనులో ఫ్లీటు మురుగుకాలువ తెగి సొరంగమును ముంచివేసెను. అయినను పని నిలువలేదు.

సంస్థవారు పియర్సనునకు బహుమానమీయ దలచిరి. తాను నగరపాలక సంస్థకు సేవకుడనని చెప్పి ఆయన నిరాకరించెను. 1862 సెప్టెంబరు 14వ తేదీన ఆయన మరణించెను. మార్గము పూర్తియగుటకు ఇంక నాలుగు మాసములే మిగిలియుండెను.

1863 జనవరి 10వ తేదీన పాడింగ్టన్ నుండి ఫారింగ్డన్ వఱకు, సుమారు నాలుగు మైళ్ల దూరము, ప్రపంచమున మొదటి భూగర్భ రైలు ప్రజలకై నడచెను. ఆవిరి యంత్రముల పొగ సొరంగము నిండ వ్యాపించినను, మొదటి దినమే ముప్పదివేలకు మించి జనులు ప్రయాణము చేసిరి.

ఒక విషయము దాచుట న్యాయము కాదు. ఈ మార్గమునకై ఫ్లీటు లోయలో పడగొట్టిన ఇండ్లు చాలవఱకు పేదలవే. వారికి వేఱు నివాసములు ఎవరును చూపలేదు. ఎవరికై పియర్సన్ రైలును కోరెనో, వారిలో కొందఱు దానివలననే నిలువనీడ కోల్పోయిరి.

1864లో ఆ సంస్థ పనివారికై తెల్లవారుజామున ప్రత్యేకముగా రైళ్లను నడుప నారంభించెను. రానుపోను రుసుము మూడు పెన్నీలు. పనిముట్ల సంచులు చేతబట్టుకొని, సూర్యోదయమునకు పూర్వమే పనివాండ్రు ఆ పెట్టెలలో ఎక్కుచుండిరి.