ట్రాక్టర్ వెనక మూడు చేతులు: హ్యారీ ఫెర్గూసన్ కథ

ఇంజినీర్ల గురించి రాయమంటే మనం ముందు విశ్వేశ్వరయ్య గారి దగ్గరికో, కె.ఎల్. రావు గారి దగ్గరికో వెళ్తాం. వెళ్లాల్సిందే. ఈసారి మాత్రం నేను మన సిలబస్‌లో ఎక్కడా కనబడని ఒకాయన్ని తీసుకొచ్చాను. పేరు హ్యారీ ఫెర్గూసన్. ఎప్పుడూ వినలేదంటారేమో, కానీ చదివే ఉంటారు. ఊళ్లో ఎర్రటి ట్రాక్టర్ బానెట్ మీద మాస్సీ ఫెర్గూసన్ అని ఉంటుంది కదా, ఆ పేరులో రెండో సగం ఈయనే.

అసలు ఆయన పని బానెట్ మీద కాదు, ట్రాక్టర్ వెనక ఉంది. ఏ కంపెనీ ట్రాక్టరైనా వెనక్కి వెళ్లి చూడండి. కింద రెండు చేతులు, పైన మధ్యలో ఒకటి, మొత్తం మూడు ఉంటాయి. నాగలి, గొర్రు, రోటవేటర్ ఏది తగిలించినా ఆ మూడు చోట్లే. డ్రైవర్ సీటు పక్కన లివర్ కదిపితే వెనకున్న బరువంతా ఆయిల్ ప్రెషర్‌తో పైకి లేస్తుంది. మనకిది మామూలు విషయం. కానీ ఇది రావడానికి ఒక మనిషికి ఇరవై ఏళ్లు పట్టింది. దాన్ని నిలబెట్టుకోడానికి అమెరికాలోని అతి పెద్ద కంపెనీల్లో ఒకదానితో నాలుగేళ్లు కోర్టులో కొట్లాడాల్సి వచ్చింది.

ఫెర్గూసన్ 1884 నవంబర్ 4న ఐర్లండ్‌లో, కౌంటీ డౌన్‌లోని డ్రోమోర్ దగ్గర గ్రోవెల్ అనే పల్లెలో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి రైతు, మతం విషయంలో చాలా కఠినమైన మనిషి. హ్యారీ పద్నాలుగేళ్లకే బడి మానేసి పొలం పనిలోకి దిగాడు. తమాషా ఏంటంటే ఆయనకి వ్యవసాయం అంటే అస్సలు పడదు. ఆ చాకిరీ ఒంటికి సరిపడలేదు, ఇంట్లో కట్టుబాట్లు మనసుకి సరిపడలేదు. 1902లో బెల్‌ఫాస్ట్ వెళ్లిపోయి, సైకిళ్లూ కార్లూ రిపేర్ చేసే అన్న జో షాపులో చేరాడు. రైతుల నడుం విరగకుండా చూసిన మనిషి అసలు పొలం నుంచి పారిపోయినవాడే అన్నమాట. పొలం పని ఇష్టంగా చేసుంటే అందులో కష్టం ఆయన కంటికి ఆనేది కాదేమో అని నాకనిపిస్తుంది.

షాపులో ఉండగా ఆయనకి విమానాల పిచ్చి పట్టింది. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి ఆరేళ్లే. అన్నదమ్ములు బెల్‌ఫాస్ట్‌లోనే సొంతంగా ఒక విమానం తయారు చేసుకున్నారు. 1909 డిసెంబర్ 31న హిల్స్‌బరో దగ్గర ఫెర్గూసన్ దాన్ని ఎగరేశాడు. వెళ్లింది సుమారు 130 గజాలే. అయినా ఐర్లండ్ నేల మీద విమానంలో ఎగిరిన మొదటివాడు ఆయనే. అప్పటికి వయసు పాతికేళ్లు. తర్వాత కొన్నాళ్లకి విమానాలు వదిలేసి 1911లో సొంత మోటార్ల వ్యాపారం పెట్టాడు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తిండికి కరువు, పొలానికి మనుషులూ గుర్రాలూ కరువు. అమెరికా నుంచి దిగిన ఓవర్‌టైమ్ అనే ట్రాక్టర్లని ఫెర్గూసన్ అమ్మడం మొదలుపెట్టాడు. 1917లో ప్రభుత్వం ఆయనకి ఒక పని అప్పజెప్పింది: ఐర్లండ్ అంతా తిరిగి, ఉన్న ట్రాక్టర్లు సరిగా పనిచేసేలా చూడమని. ఆయన వెంట విల్లీ శాండ్స్ అనే మెకానిక్ వెళ్లాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఫెర్గూసన్ బుర్రలో పుట్టిన చాలా ఆలోచనలు ఇనుములోకి మారింది శాండ్స్ చేతుల మీదుగానే.

ఊరూరా తిరిగితే వాళ్లకి అర్థమైంది ఏంటంటే, అప్పటి ట్రాక్టర్ అంటే గుర్రం బదులు పెట్టిన ఇంజిన్, అంతే. వెనక గొలుసుతో నాగలి కట్టి లాగడమే. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, చక్రాలకి పట్టు కావాలంటే ట్రాక్టర్ బాగా బరువుండాలి. బరువుంటే నేల గట్టిపడిపోతుంది, ధరా పెరుగుతుంది. రెండోది ప్రాణాలకి సంబంధించింది. నాగలి ఏ రాయికో వేరుకో తగిలి ఆగిపోతే వెనక చక్రాలు తిరగలేవు. ఇంజిన్ మాత్రం తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు చక్రం బదులు ట్రాక్టర్ బాడీయే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి డ్రైవర్ మీద బోర్లా పడుతుంది. తేలిగ్గా, చవగ్గా ఉండి బాగా అమ్ముడైన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లలో ఇలా చాలామంది చనిపోయారు.

ఫెర్గూసన్ ఆలోచన ఏంటంటే, ట్రాక్టరూ నాగలీ రెండు వస్తువులు కాకూడదు, ఒకే యంత్రం కావాలి. మూడు చేతుల లాజిక్ ఇక్కడే ఉంది. నేల ఎదురుతిరిగినప్పుడు కింది రెండు చేతులు నాగల్ని ముందుకి లాగుతుంటాయి. నాగలి ముందుకి తిరగబడాలని చూసి, పై చేతిని ట్రాక్టర్ వైపు నెడుతుంది. ఆ తోపు ముందు చక్రాల్ని నేలకి అదిమిపెడుతుంది. ఏ శక్తి మనిషిని చంపుతోందో ఆ శక్తినే కాపలా పెట్టాడన్నమాట. పైగా నాగలి బరువూ, నేల దాన్ని కిందికి లాగే బలమూ వెనక చక్రాల మీద పడతాయి. అందుకే చిన్న ట్రాక్టర్‌కి కూడా పట్టు దొరుకుతుంది.

అయితే నాగలి బండికి బిగిసిపోయాక ఇంకో సమస్య. ముందు చక్రం గట్టు ఎక్కితే నాగలి లోతుకి దిగుతుంది, గుంటలో పడితే పైకొచ్చేస్తుంది. ఎద్దుల నాగలితో దున్నే రైతుని గమనించండి. మేడి మీద చెయ్యి ఉంటుంది. కర్రు బరువుగా తగిలితే ఆ చెయ్యి దానంతటదే కొంచెం తేలిక చేస్తుంది. తేలిగ్గా పోతుంటే అదుముతుంది. ఫెర్గూసన్ బృందం ఆ చేతిని హైడ్రాలిక్స్‌తో చేసింది. పై చేయి నెట్టినప్పుడు ఒక స్ప్రింగ్ నొక్కుకుంటుంది. స్ప్రింగ్ కదిలితే వాల్వ్ కదులుతుంది. సిలిండర్‌లోకి ఆయిల్ వెళ్లి నాగలి కాస్త పైకి లేస్తుంది. బరువు తగ్గగానే స్ప్రింగ్ వెనక్కొచ్చి వాల్వ్ మూసుకుంటుంది. మనం లూప్ రాసి, సెన్సర్ రీడింగ్ చూసి, ఎర్రర్ సరిచేస్తాం కదా, అదే ఇది. కాకపోతే 1920ల్లో, చిప్ లేకుండా, ఒక స్ప్రింగుతోటి.

మా పెదనాన్న వాళ్ల ఊళ్లో చిన్న ట్రాక్టర్ నడిపే అన్నని దీని గురించి అడిగితే, సీటు పక్కన రెండు లివర్లు చూపించాడు. ఒకటి పొజిషన్, ఒకటి డ్రాఫ్ట్. రోటవేటర్ వేసినప్పుడు ఎత్తు మారకూడదు కాబట్టి పొజిషన్ వాడతాడట. నాగలితో గట్టి దుక్కి దున్నేటప్పుడు డ్రాఫ్ట్. పై చేయి నిజానికి మర ఉన్న రాడ్డు. తిప్పి పొట్టిగా చేస్తే నాగలి ముక్కు కిందికి వంగి కర్రు బాగా దిగుతుంది, పొడుగు చేస్తే ముక్కు లేస్తుంది. నాగలి ఒక పక్కకి ఒరిగితే కుడివైపు లిఫ్ట్ రాడ్ తిప్పి సమం చేస్తాడు. పది నిమిషాల్లో అంతా చూపించేశాడు. దాన్ని కనిపెట్టిందెవరో ఆయనకి తెలీదు, ఆ అవసరమూ ఎప్పుడూ రాలేదు.

మళ్లీ కథలోకి వస్తే, కనిపెట్టడం ఒక ఎత్తు, తయారు చేసేవాణ్ని పట్టుకోవడం ఇంకో ఎత్తు. 1933లో సొంతంగా ఒక నమూనా చేశారు. నల్లరంగు వేయడంతో దానికి బ్లాక్ ట్రాక్టర్ అనే పేరు స్థిరపడింది. 1936లో ఇంగ్లండ్‌లోని డేవిడ్ బ్రౌన్ కంపెనీ తయారీకి ఒప్పుకుంది. సుమారు 1,350 ట్రాక్టర్లు వచ్చాక ఇద్దరికీ చెడింది. ఫెర్గూసన్‌తో వేగడం తేలిక కాదు. తన డిజైన్‌లో చిన్న మార్పుకి కూడా ఒప్పుకునేవాడు కాదు.

1938 అక్టోబర్‌లో ఒక ట్రాక్టర్ని ఓడెక్కించి అమెరికా తీసుకెళ్లి హెన్రీ ఫోర్డ్‌కి చూపించాడు. ఫోర్డూ రైతుబిడ్డే, ఆయనకీ పొలం చాకిరీ గిట్టదు. ఇద్దరూ అక్కడికక్కడే ఒప్పందానికొచ్చారు. డిజైనూ అమ్మకాలూ ఫెర్గూసన్‌వి, తయారీ ఫోర్డ్‌ది. కాగితం లేదు, సంతకం లేదు, లాయర్ లేడు. ఒక్క షేక్‌హ్యాండ్. 1939 జూన్‌లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది, ధర 585 డాలర్లు. ఎనిమిదేళ్లలో ఈ రకం ట్రాక్టర్లు దాదాపు మూడు లక్షలు తయారయ్యాయి. అంటే ఆ షేక్‌హ్యాండ్ బాగానే పనిచేసింది, చేతులు కలిపిన ఇద్దరూ ఉన్నంతకాలం.

ఫోర్డ్ ముసలివాడయ్యాడు. కంపెనీ మనవడు రెండో హెన్రీ ఫోర్డ్ చేతికి వచ్చింది. ఆయన లెక్కలు చూసి ఒప్పందం రద్దు చేశాడు. 1947లో ఫెర్గూసన్ ప్రమేయం లేకుండా అదే మూడు చేతులతో, అదే హైడ్రాలిక్స్‌తో 8ఎన్ అనే ట్రాక్టర్ దించాడు. ఫెర్గూసన్ 1948లో 251 మిలియన్ డాలర్లకి దావా వేశాడు. 1952 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. పేటెంట్లు వాడుకున్నందుకు ఫోర్డ్ కంపెనీ 9.25 మిలియన్ డాలర్లు కట్టింది, హైడ్రాలిక్స్‌లో కొంత మార్చుకోడానికి ఒప్పుకుంది. అడిగినదాంట్లో ఇది చాలా చిన్న భాగం. ఫెర్గూసన్ మాత్రం దీన్ని గెలుపుగానే చెప్పుకున్నాడు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, పని ఎవరిదో రికార్డులోకి ఎక్కింది కదా.

కోర్టు గొడవ నడుస్తుండగా ఆయన ఖాళీగా కూర్చోలేదు. 1946 నుంచే ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ బ్యానర్ లేన్‌లో, యుద్ధంలో విమానాల ఇంజిన్లు చేసిన ఫ్యాక్టరీలో టీఈ20 ట్రాక్టర్ మొదలైంది. బూడిద రంగులో ఉండే ఆ చిన్న బండి 1956 దాకా అయిదు లక్షలకి పైగా తయారైంది. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది ఈ ట్రాక్టర్ల మీదే.

1953లో ఆయన తన కంపెనీని కెనడాకి చెందిన మాస్సీ హారిస్‌తో కలిపేశాడు. బేరం చివర్లో పది లక్షల డాలర్ల తేడా దగ్గర ఆగింది. బొమ్మా బొరుసా వేద్దామన్నాడు ఫెర్గూసన్. వేశారు, ఓడిపోయాడు, నవ్వేసి ఊరుకున్నాడు. పనిలో ఒక్క బోల్టు మార్చనివ్వని మనిషి పది లక్షల డాలర్లని నాణేనికి వదిలేశాడు! చైర్మన్ పదవిలో మాత్రం ఏడాదే ఉన్నాడు. ఆ తర్వాత కార్లకి నాలుగు చక్రాల డ్రైవ్ మీద పడ్డాడు. ఆయన బృందం చేసిన పీ99 రేసుకారు 1961లో ఔల్టన్ పార్క్‌లో స్టిర్లింగ్ మాస్ చేతుల్లో గెలిచింది.

ఆ గెలుపు ఆయన చూడలేదు. ఎన్నో ఏళ్లుగా నిద్ర పట్టకపోవడం, మనసు కుంగిపోవడం ఆయన్ని వెంటాడాయి. 1960 అక్టోబర్ 25న ఇంట్లోనే చనిపోయాడు. ఒంట్లో నిద్రమందు మోతాదు మించి ఉంది. అది పొరపాటో కాదో విచారణలో తేలలేదు. ఇంత సాధించినవాడికి ఏం లోటు అని అడగడం తేలికే. మన హాస్టల్లో కూడా నవ్వుతూ తిరిగేవాళ్లలో ఎవరికి నిద్ర పట్టట్లేదో మనకి తెలీదు. అడిగితేనే తెలుస్తుంది.

అదే 1960లో మద్రాసులో ట్యాఫే కంపెనీ మొదలై, మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన పొలాల్లోకి వచ్చాయి. ఇప్పుడు పేటెంట్లు లేవు. ఆ మూడు చేతుల కొలతలు అంతర్జాతీయ ప్రమాణం అయిపోయాయి. చిన్న ట్రాక్టర్లకి కింది పిన్ను సుమారు 22 మిల్లీమీటర్లు, ఏ దేశంలోనైనా అంతే. ఒక కంపెనీ ట్రాక్టర్‌కి ఇంకో కంపెనీ గొర్రు తగిలించుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే పొలానికొచ్చిన యూఎస్‌బీ పోర్టు.

నేను ఈ కథలోంచి రెండు విషయాలు తీసుకున్నాను. స్నేహితులతో ప్రాజెక్టు మొదలుపెడితే, ఎవరి పని ఎంతో మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. నమ్మకం లేక కాదు, రేపు మన చోట్లో వేరేవాళ్లు కూర్చోవచ్చు కాబట్టి. రెండోది, ఆ కాగితంలో విల్లీ శాండ్స్ లాంటివాళ్ల పేర్లు కూడా ఉండాలి.