విలియం కేరీ – ఆపదలో ప్రార్థన

కష్టకాలంలో దైవాన్ని తలచుకోవడం తెలుగువారికి తరతరాల అలవాటు. గోలకొండ చెరసాలలో రామదాసు శ్రీరాముని వేడుకొన్నారు. తిరుమల వేంకటేశ్వరునికి ఆపదమొక్కులవాడని పేరు. మనం నివసించే నార్తాంప్టన్ ప్రాంతంలో కూడా ప్రార్థనను నమ్ముకొన్న మహనీయుడొకరు జన్మించారు. ఆయన మన తెలుగు భాషకు వ్యాకరణం రచించిన విలియం కేరీ.

కేరీ 1761 ఆగస్టు 17న నార్తాంప్టన్‌కు దక్షిణాన ఉన్న పాలర్స్‌పరీ గ్రామంలో జన్మించారు. తండ్రి మొదట నేతపని చేసి, తరువాత బడిపంతులయ్యారు. కేరీ చిన్నవయసులోనే పిడింగ్టన్ గ్రామంలో చెప్పులు కుట్టే పని నేర్చుకొన్నారు. ఆ పని చేసుకొంటూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలను అభ్యసించారు. 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్‌లోని నెన్ నదిలో బాప్తిస్మం పొందారు.

తరువాత మౌల్టన్ గ్రామంలో బడి నడిపారు, చర్చిలో బోధించారు. వచ్చే రాబడి చాలక చెప్పులు కుట్టడం మానలేదు. పనిచేసే చోట గోడకు తాను తయారుచేసిన ప్రపంచపటాన్ని తగిలించుకొని, దూరదేశాల ప్రజలకోసం ప్రార్థించేవారు.

1793లో తన మతాన్ని బోధించడానికి కేరీ కుటుంబంతో సహా భారతదేశానికి చేరారు. మరుసటి సంవత్సరమే అయిదేళ్ల కుమారుడు పీటర్ జబ్బుచేసి మరణించాడు. ఆ దుఃఖకాలంలోనే భార్య డొరతీ మనోవ్యాధికి లోనయ్యారు. ప్రార్థించడానికి కూడా మనసు సహకరించని దినాలున్నాయని కేరీ తన దినచర్యలో వ్రాసుకొన్నారు. అయినా ఆయన ప్రార్థనను విడిచిపెట్టలేదు.

1800లో ఆయన కలకత్తా సమీపంలోని శ్రీరాంపూర్ చేరారు. మిత్రులు మార్ష్‌మన్, వార్డులతో కలసి అక్కడ ముద్రణాలయాన్ని నడిపారు. దేశంలోని పండితుల సహాయంతో అనేక భాషల పుస్తకాలు సిద్ధమయ్యాయి. తెలుగు వ్యాకరణం కూడా వాటిలో ఒకటి.

1812 మార్చి 11 సాయంకాలం ఆ ముద్రణాలయంలో అగ్నిప్రమాదం జరిగింది. కేరీ ఆనాడు కలకత్తాలో ఉన్నారు. మరునాడు మార్ష్‌మన్ వెళ్లి ఆ వార్త తెలిపారు. తిరిగివచ్చిన కేరీకి బూడిదకుప్పలు కనిపించాయి. ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి. ఏళ్ల తరబడి కూర్చిన నిఘంటువు, రామాయణ అనువాదంలో కొంత భాగం, తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి కాలిపోయాయి. ఆయన కంట నీరు తిరిగింది.

ఎవరిమీదా నింద వేయక, కేరీ దైవాన్ని ప్రార్థించారు. తరువాతి ఆదివారం చర్చిలో ప్రసంగించడానికి, దేవుని ఎదుట మనసును నిశ్చలంగా ఉంచుకోవాలని చెప్పే కీర్తన భాగాన్ని ఎంచుకొన్నారు. దహించుకుపోయినదాన్ని మళ్లీ వ్రాయగలనన్న ధైర్యం ఆయనలో నిలిచింది.

శిథిలాలలో వెదకగా అక్షరాలను పోతపోసే మూసలు చెక్కుచెదరక దొరికాయి. ముద్రణ యంత్రాలు కూడా దక్కాయి. కరిగిన లోహంతోనే మరల అక్షరాలను పోతపోశారు. ఈ వార్త ఇక్కడికి చేరగానే మన పొరుగున ఉన్న కెటరింగ్ పట్టణవాసి ఆండ్రూ ఫుల్లర్ చందాలకు పూనుకొన్నారు. సుమారు 50 దినాలలోనే నష్టానికి సరిపడిన ధనం సమకూరింది. కేరీ కాలిపోయిన వ్యాకరణాన్ని మొదటినుంచి తిరిగి వ్రాశారు. 1814లో అది శ్రీరాంపూర్‌లో అచ్చయింది.

1834 జూన్ 9న కేరీ శ్రీరాంపూర్‌లోనే కన్నుమూశారు. మౌల్టన్‌లో ఆయన నివసించిన చిన్న ఇల్లు నేటికీ ఉంది.

బాలలారా! ప్రార్థన వల్ల కాలిన కాగితాలు తిరిగి రాలేదు, మరణించిన బిడ్డ తిరిగి రాలేదు. కాని కలత చెందిన మనసు కుదుటపడింది, చేతులు మళ్లీ కలం పట్టాయి. మనం ఏ దైవాన్ని కొలిచినా, ఆందోళన కలిగినప్పుడు రెండు చేతులూ జోడించి ప్రార్థించాలి; పిమ్మట ఆ చేతులతోనే మన పనిని మనం చేసుకోవాలి.